'హార్డ్' అంటే ఒక్క కష్టమే కాదు: ఎక్కడ ఏ అర్థం, ఎలా వాడాలి

హార్డ్ అనగానే మనకు ముందు తోచే మాట కష్టం. పేపర్ హార్డ్‌గా వచ్చిందంటాం, లెక్కలు హార్డ్ అంటాం. అక్కడివరకు బాగానే ఉంటుంది. ఆ ఒక్క అర్థాన్నే పట్టుకుని ముందుకు పోతే 'హార్డ్ వాటర్' దగ్గర, 'హార్డ్ క్యాష్' దగ్గర, 'డోన్ట్ బీ హార్డ్ ఆన్ హిమ్' దగ్గర తడబడతాం. ఈ మాటకు తెలుగులో ఒకే మాట సరిపోదు. పక్కన ఏ మాట ఉందో దాన్నిబట్టి అది గట్టి అవుతుంది, కష్టం అవుతుంది, కఠినం అవుతుంది, ఒక్కోసారి 'జోరుగా', 'కష్టపడి' అవుతుంది.

అందుకని వాక్యంలో హార్డ్ కనబడగానే ముందు అది ఎక్కడ కూర్చుందో చూడండి. వస్తువు పేరు ముందు ఉంటే, అంటే రాయి, నేల, బెడ్ లాంటివాటి ముందు ఉంటే, గట్టి. 'ఈజ్', 'వాజ్' తర్వాత వచ్చి, దాని వెనక 'టు' ఉంటే దాదాపు ఎప్పుడూ కష్టం. వెనక 'ఆన్' ఉంటే కఠినం. వర్క్, హిట్, రెయిన్, థింక్ లాంటి క్రియ తర్వాత వస్తే అది విశేషణం కాదు, క్రియ ఎలా జరిగిందో చెప్పే మాట. ఈ నాలుగు చోట్లు పట్టుబడితే మాట సగం చేతికి వచ్చినట్టే.

ముందు నోటితో సరిగా పలకడం

హార్డ్, హార్ట్, హర్డ్ అనే మూడు మాటలు మన నోట్లో తరచూ కలిసిపోతాయి. హార్ట్ అంటే గుండె. హర్డ్ అనేది 'హియర్'కి భూతకాలం, విన్నాను అని. దీని స్పెల్లింగ్‌లో హెచ్ తర్వాత ఈ, ఏ అనే రెండు అక్షరాలు కనిపిస్తాయి కాబట్టి చాలామంది 'ఐ హార్డ్ ద న్యూస్' అని చదివేస్తారు. అది తప్పు, 'ఐ హర్డ్ ద న్యూస్' అనాలి. ఇక్కడ 'హ'కి దీర్ఘం లేదు, 'బర్డ్'లో ఉన్న అచ్చే ఇందులోనూ ఉంది.

హార్డ్‌కీ హార్ట్‌కీ తేడా చివరి హల్లులో ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, ఇంగ్లిష్ వాళ్ళ చెవి అంతకంటే ముందే పోల్చుకుంటుంది. డ్ ముందు 'ఆ' సాగుతుంది, ట్ ముందు అదే 'ఆ' తెగిపోతుంది. కాబట్టి 'హా…ర్డ్' అని కొంచెం సాగదీయండి, 'హార్ట్'ని చప్పున ముగించండి. ఇంకో విషయం, మన 'డ' నాలుక మడిచి పలికేది. ఇంగ్లిష్ డ్ కోసం నాలుక కొస పైపళ్ళ వెనకున్న చిగురు మీద ఆనితే చాలు. తెలుగు మాట్లాడేటప్పుడు 'హార్డు' అని చివర ఉకారం చేర్చడం మన భాషకు సహజం. ఇంగ్లిష్ వాక్యంలో మాత్రం ఆ ఉకారాన్ని కోసేయండి. బ్రిటిష్ పలుకుబడిలో ర్ వినపడదు, అమెరికన్‌లో స్పష్టంగా వినపడుతుంది. రెండూ సరైనవే.

గట్టి అన్నచోటల్లా హార్డ్ కాదు

తప్పులు ఎక్కువ దొర్లేది ఇక్కడే. మన 'గట్టి' చాలా పెద్ద మాట. దాని కింద ఇంగ్లిష్‌లో అరడజను మాటలున్నాయి, హార్డ్ వాటిలో ఒకటి మాత్రమే.

వేలితో నొక్కితే లోపలికి పోనిది హార్డ్. రాయి, ఎండిన నేల, పాతబడ్డ అరిసె, పచ్చి జామకాయ ఇవన్నీ హార్డ్. పిండి సరిగా పులవక ఇడ్లీలు రాళ్ళలా వస్తే 'ద ఇడ్లీస్ కేమ్ అవుట్ హార్డ్' అనొచ్చు. గుడ్డు పచ్చసొన దాకా గట్టిపడేలా ఉడికితే 'హార్డ్ బాయిల్డ్', మరిగే నీళ్ళలో పది, పన్నెండు నిమిషాలు పడుతుంది. ఆరు నిమిషాలకే తీస్తే సొన జారుగా ఉంటుంది, అది 'సాఫ్ట్ బాయిల్డ్'. హోటల్లో ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఈ రెండు మాటలూ పనికొస్తాయి.

గట్టి పెరుగు మాత్రం 'థిక్ కర్డ్'. హార్డ్ కర్డ్ అంటే అవతలి మనిషి రాయిలా గడ్డకట్టిన దేన్నో ఊహించుకుంటాడు. గట్టి పచ్చడి కూడా థిక్. చపాతీ పిండి గట్టిగా కలిసిందంటే 'ద డో ఈజ్ టూ స్టిఫ్'. మాంసం ఉడక్క నమలలేకపోతే 'టఫ్'. ఎందుకంటే అది నొక్కితే లోపలికి పోతుంది, తెగదు అంతే. హార్డ్‌కీ టఫ్‌కీ ఉన్న అసలు తేడా ఇదే: లొంగనిది హార్డ్, తెగనిది టఫ్. డిక్కాషన్ గట్టిగా ఉంటే 'స్ట్రాంగ్'. నమ్మకం గట్టిదైతే 'ఫర్మ్'. పరుపు నడుముకు హాయిగా ఉండేంత గట్టిగా ఉంటే అదీ 'ఫర్మ్' అనే అంటారు. ఇబ్బంది పెట్టేంత గట్టిగా ఉంటేనే 'హార్డ్'. చేతిని గట్టిగా పట్టుకోమంటే 'హోల్డ్ టైట్'. గట్టిగా మాట్లాడమంటే 'స్పీక్ లౌడర్' లేదా 'స్పీక్ అప్'. 'స్పీక్ హార్డ్' అనే వాడుక లేదు.

గట్టిగా కొట్టాడు, గట్టిగా తోశాడు, గట్టిగా నొక్కు అన్నప్పుడు మాత్రం రెండు భాషలూ ఒకే దారిలో నడుస్తాయి: 'హీ హిట్ ఇట్ హార్డ్', 'పుష్ హార్డ్', 'ప్రెస్ ద బటన్ హార్డ్'. బలం పెట్టిన చోట హార్డ్ అని గుర్తుపెట్టుకోండి.

కష్టం: 'హార్డ్ టు' అమరిక

ఇల్లు దొరకడం కష్టంగా ఉంది అనడానికి రెండు మార్గాలు. 'ఇట్ ఈజ్ హార్డ్ టు ఫైండ్ ఎ హౌస్' అనొచ్చు, లేదా ఫలానా ఇల్లు పోల్చుకోవడం కష్టమైతే 'ద హౌస్ ఈజ్ హార్డ్ టు ఫైండ్' అనొచ్చు. రెండో రూపంలో చివర 'ఇట్' చేర్చకండి. 'దిస్ బుక్ ఈజ్ హార్డ్ టు అండర్‌స్టాండ్ ఇట్' అనేది మనవాళ్ళ రాతల్లో తరచుగా కనిపించే తప్పు. పుస్తకం వాక్యం మొదట్లోనే ఉంది, మళ్ళీ దాన్ని చివర చెప్పక్కర్లేదు.

'నాకు కష్టం'లోని 'నాకు' ఇంకో గుంట. మన కు విభక్తిని చూసి 'హార్డ్ టు మీ' అనేస్తాం. ఇక్కడ కావలసింది 'ఫర్': 'ఇట్ ఈజ్ హార్డ్ ఫర్ మీ టు వేక్ అప్ ఎర్లీ'. మనిషిని ముందు పెట్టి చెప్పాలనుకుంటే 'ఐ ఫైండ్ ఇట్ హార్డ్ టు వేక్ అప్ ఎర్లీ'. 'ఐ యామ్ హార్డ్ టు వేక్ అప్' అంటే అర్థం తిరగబడుతుంది. నన్ను నిద్ర లేపడం ఇతరులకు కష్టం అని అవుతుంది. అలాగే 'రవి ఈజ్ హార్డ్ టు ప్లీజ్' అంటే రవిని మెప్పించడం కష్టం అని. ఇతరులను మెప్పించడానికి రవి ఇబ్బంది పడుతున్నాడని కాదు. 'హార్డ్ టు' ముందున్న మనిషి పని చేసేవాడు కాడు, పని ఎవరి మీద జరుగుతుందో అతను.

ఇంతకంటే మెళకువ కావలసిన చోటు ఒకటుంది. తెలుగులో కష్టం అంటే 'జరిగే అవకాశం తక్కువ' అని కూడా. 'వాడు ఇవాళ రావడం కష్టం', 'ఈ మేఘాలకు వాన పడటం కష్టమే' అంటాం. ఇక్కడ వాడికి గానీ మేఘాలకు గానీ శ్రమ ఏమీ లేదు. ఇంగ్లిష్ హార్డ్ ఈ అర్థాన్ని మోయదు. 'ఇట్ ఈజ్ హార్డ్ ఫర్ హిమ్ టు కమ్' అంటే రావడానికి అతనికేదో ఇబ్బంది ఉందని, బహుశా కాలు బాగాలేదనో సెలవు దొరకదనో అర్థమవుతుంది. రాడేమో అని చెప్పాలంటే 'హీ ఈజ్ అన్‌లైక్లీ టు కమ్' అనండి. వాడుక మాటల్లో 'ఐ డోన్ట్ థింక్ హీ విల్ కమ్' ఇంకా సహజం.

హార్డ్ బదులు డిఫికల్ట్ వాడొచ్చా అంటే, ప్రశ్న, పని, నిర్ణయం విషయంలో వాడొచ్చు. డిఫికల్ట్ కొంచెం పెద్దమనిషి తరహా మాట, ఉత్తరాల్లో, రిపోర్టుల్లో అది బాగుంటుంది. మనుషుల విషయంలో రెండూ ఒకటి కావు. 'ఎ డిఫికల్ట్ పర్సన్' అంటే వేగలేని మనిషి. 'ఎ హార్డ్ పర్సన్' అంటే జాలి, దయ లేని మనిషి.

హార్డ్ వర్క్, హార్డ్ వర్కర్, హార్డ్‌వర్కింగ్

ఉద్యోగాల బయోడేటాల్లో 'ఐ యామ్ ఎ హార్డ్ వర్క్' అనో 'మై స్ట్రెంత్ ఈజ్ హార్డ్ వర్కింగ్' అనో రాస్తుంటారు. సరైన రూపాలు ఇవి: 'ఐ యామ్ ఎ హార్డ్ వర్కర్', 'ఐ యామ్ హార్డ్‌వర్కింగ్', 'ఐ వర్క్ హార్డ్'. మూడింటిలో చివరిది నిటారుగా, శుభ్రంగా ఉంటుంది. నన్నడిగితే అదే రాయమంటాను. 'వర్క్' లెక్కపెట్టే నామవాచకం కాదు కాబట్టి 'ఎ హార్డ్ వర్క్' అని 'ఎ' పెట్టకూడదు. ఇక 'హీ ఈజ్ హార్డ్ వర్క్' అనే వాక్యానికి బ్రిటన్‌లో వేరే అర్థముంది. అతనితో నెగ్గుకురావడం తలనొప్పి అని. మేనేజర్ గురించి పొగడ్తగా ఆ మాట అన్నారంటే చిక్కే.

హార్డ్, హార్డ్లీ: అక్కాచెల్లెళ్ళు కారు

స్లోకి స్లోలీ, క్విక్‌కి క్విక్లీ ఉన్నట్టే హార్డ్‌కి హార్డ్లీ ఉంటుందనుకోవడం సహజం. ఒకప్పుడు హార్డ్లీకి 'బలంగా', 'కష్టం మీద' అనే అర్థాలు ఉండేవి కూడా. కష్టం మీద జరిగేది జరిగీ జరగనట్టుంటుంది కదా, కాలక్రమంలో ఆ అర్థం 'జరగనట్టే' అనే దిక్కుకు జారిపోయింది. ఇప్పుడు హార్డ్ విశేషణంగానూ అదే, క్రియను వివరించే మాటగానూ అదే.

పక్కపక్కన పెట్టి చూడండి. 'షీ స్టడీస్ హార్డ్' అంటే కష్టపడి చదువుతుంది. 'షీ హార్డ్లీ స్టడీస్' అంటే పుస్తకం పట్టుకోదు. ఒక చిన్న తోక మొత్తం వాక్యాన్ని బోర్లా తిప్పేసింది. చోటు కూడా మారింది గమనించండి. హార్డ్ క్రియ తర్వాత వస్తుంది, కర్మ ఉంటే దాని తర్వాత వస్తుంది. హార్డ్లీ క్రియకు ముందు వస్తుంది, 'కెన్', 'హ్యాడ్' లాంటి సహాయక క్రియ ఉంటే దాని తర్వాత. 'ఐ వర్క్డ్ వెరీ హార్డ్లీ' అని రాస్తే చదివేవాళ్ళు ఆగిపోతారు.

హార్డ్లీలోనే 'లేదు', 'కాదు' దాగి ఉంది. మన భాషలో 'అసలు', 'బొత్తిగా' అన్నాక క్రియలో వ్యతిరేకం తప్పనిసరి. 'బొత్తిగా వినపడటం లేదు' అంటాం. అదే అలవాటుతో 'ఐ కాన్ట్ హార్డ్లీ హియర్' వచ్చేస్తుంది. 'ఐ కెన్ హార్డ్లీ హియర్ యు' చాలు. 'నథింగ్', 'నోబడీ' కూడా దాని పక్కన పొసగవు. 'హార్డ్లీ ఎనీథింగ్', 'హార్డ్లీ ఎనీబడీ', 'హార్డ్లీ ఎవర్' అనాలి. పోటీ పరీక్షల్లో క్వశ్చన్ ట్యాగ్ ఇచ్చి ఇదే పరీక్షిస్తారు: 'హీ హార్డ్లీ స్పీక్స్' తర్వాత 'డజ్ హీ?' వస్తుంది, 'డజన్ట్ హీ?' కాదు. వాక్యం అప్పటికే వ్యతిరేకార్థకం కదా.

పరీక్షల్లో తరచూ అడిగేది ఇంకొకటి, 'హార్డ్లీ హ్యాడ్ ఐ రీచ్డ్ ద స్టేషన్ వెన్ ద ట్రైన్ లెఫ్ట్'. నేను స్టేషన్‌కి చేరానో లేదో రైలు వెళ్ళిపోయింది అని. హార్డ్లీకి జత 'వెన్'. 'దాన్' జత అయ్యేది 'నో సూనర్'తో.

మన ఊళ్ళలో 'హార్డ్లీ పది నిమిషాలు పడుతుంది' అంటాం, మహా అయితే పది నిమిషాలు అని. ఇక్కడ అందరికీ అర్థమవుతుంది. విదేశీయులతో ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడు 'టెన్ మినిట్స్ ఎట్ ద మోస్ట్' అంటే ఏ సందేహమూ ఉండదు.

మనుషుల మీద, మనసు మీద

'డోన్ట్ బీ టూ హార్డ్ ఆన్ ద చైల్డ్' అంటే బిడ్డ మీద మరీ అంత కఠినంగా ఉండొద్దని. 'హార్డ్ ఫర్ ద చైల్డ్' అంటే బిడ్డకు కష్టమని. ఆన్, ఫర్ తేడా ఇంతే, కానీ అర్థాలు దగ్గరివి కావు. 'నో హార్డ్ ఫీలింగ్స్' అంటే మనసులో ఏమీ పెట్టుకోలేదని. గొడవ సర్దుకున్నాక చెప్పే మాట ఇది. 'హార్డ్ అప్' అంటే చేతిలో డబ్బు ఆడటం లేదని. 'హార్డ్ ఆఫ్ హియరింగ్' అంటే చెవి సరిగా వినపడనివాళ్ళు. ఈ అమరిక వినికిడికి మాత్రమే, చూపుకు 'హార్డ్ ఆఫ్ సీయింగ్' అనే వాడుక లేదు.

'హార్డ్ అండ్ ఫాస్ట్ రూల్'లో ఫాస్ట్‌ని చూసి వేగం అనుకోవద్దు. నేలకు తగులుకుని కదలకుండా కూరుకుపోయిన ఓడను గురించి నావికులు చెప్పుకున్న మాట ఇది. 'ఫాసెన్' అంటే బిగించు అని కదా, ఆ ఫాస్టే ఇది. మాట ఎక్కువగా వ్యతిరేక వాక్యంలోనే వస్తుంది: 'దేర్ ఈజ్ నో హార్డ్ అండ్ ఫాస్ట్ రూల్', మార్చకూడని నియమమేమీ లేదు అని.

వృత్తుల్లో, వ్యవహారాల్లో

ఇక్కడ హార్డ్ ఒక్కో రంగంలో ఒక్కో పారిభాషిక పదంగా గడ్డకట్టింది. చాలాచోట్ల దాని ఎదురుగా సాఫ్ట్ నిలబడి ఉంటుంది, ఆ జతను పట్టుకుంటే అర్థం దొరుకుతుంది.

హార్డ్ వాటర్ పాఠ్యపుస్తకాల్లో కఠిన జలం. జనం దీన్ని ఉప్పు నీళ్ళు అంటారు గానీ, అసలు లెక్క రుచిది కాదు, నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలది. సబ్బు నురగ రాకపోవడం, గీజర్ కాయిల్ మీద తెల్లటి పెచ్చు కట్టడం దాని గుర్తులు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీటి వనరు లేనప్పుడు 600 దాకా అనుమతిస్తారు. బోరు నీళ్ళ రిపోర్టులో 'హార్డ్‌నెస్' అన్న వరస చూసేటప్పుడు ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోండి.

హార్డ్ ల్యాండింగ్ మాట మనకు చంద్రయాన్‌తో ఇళ్ళలోకి వచ్చింది. 2019 సెప్టెంబర్ 7న చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండర్ వేగం అదుపు కాక చంద్రుడి నేలను గుద్దుకుంది, అది హార్డ్. శ్రీహరికోట నుంచే వెళ్ళిన చంద్రయాన్-3 ల్యాండర్ 2023 ఆగస్టు 23న మెల్లగా కాళ్ళు ఆనించింది, అది సాఫ్ట్. కష్టమైన ల్యాండింగ్ అని అనువదిస్తే తప్పవుతుంది. నిజానికి కష్టమైనది సాఫ్ట్ ల్యాండింగే.

కోర్టు వార్తల్లో 'కఠిన కారాగార శిక్ష' అనే మాట చదువుతుంటాం. ఇండియన్ పీనల్ కోడ్ 53వ సెక్షన్ దాన్ని 'రిగరస్' అని, అంటే 'హార్డ్ లేబర్'తో కూడినదని వివరించింది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ వివరణ అలాగే ఉంది. ఇక్కడ హార్డ్ అంటే ఒంటికి శ్రమ పెట్టే పని.

హార్డ్ కాపీ అంటే కాగితం మీద అచ్చయినది, హార్డ్ క్యాష్ అంటే చేతిలో పెట్టే నగదు. పెన్సిల్ మీద హెచ్ అనే అక్షరం హార్డ్‌కి గుర్తు. 2హెచ్, 4హెచ్ అని అంకె పెరిగేకొద్దీ గీత సన్నగా, పాలిపోయి వస్తుంది. బి వైపు వెళితే నల్లగా, మెత్తగా.

అమెరికాలో ఉన్నవాళ్ళు తప్పక తెలుసుకోవలసినది ఒకటి. అక్కడ పానీయం పేరు ముందు హార్డ్ ఉంటే అందులో ఆల్కహాల్ ఉన్నట్టు. హార్డ్ సైడర్, హార్డ్ లెమనేడ్, హార్డ్ సెల్ట్‌జర్ డబ్బాలు చూడటానికి కూల్‌డ్రింకుల్లాగే ఉంటాయి. పిల్లల కోసం కొనేటప్పుడు డబ్బా మీద ఆ మాట వెతకండి. బ్రిటన్‌లో అయితే ఉత్త 'సైడర్' అన్నా ఆల్కహాల్ ఉన్నదే.

పిల్లలకు స్పెల్లింగ్ నేర్పేటప్పుడు హార్డ్ సి, హార్డ్ జి అంటారు. 'క్యాట్'లో సి హార్డ్, 'సిటీ'లో సాఫ్ట్. 'గోట్'లో జి హార్డ్, 'జెమ్'లో సాఫ్ట్. ఇ, ఐ, వై అక్షరాల ముందు సాధారణంగా సాఫ్ట్ పలుకుతుంది, 'గెట్', 'గివ్', 'గర్ల్' లాంటి మినహాయింపులు జి వైపే ఎక్కువ. మన వ్యాకరణంలోని పరుషాలు, సరళాలు దీనికి సరిపోవు: వాళ్ళ హార్డ్ జి మన 'గ', అది మనకు సరళం. పిల్లలకు రెండూ కలిపి చెప్పకండి.

చేసి చూడండి

కుడిచేత్తో జవాబులు మూసి, ముందు మీరే ఇంగ్లిష్‌లోకి మార్చండి.

వాడు ఇవాళ రావడం కష్టం. హీ ఈజ్ అన్‌లైక్లీ టు కమ్ టుడే.

ఆయన రాత చదవడం నాకు కష్టం. హిజ్ హ్యాండ్‌రైటింగ్ ఈజ్ హార్డ్ ఫర్ మీ టు రీడ్. చివర 'ఇట్' పెట్టారా చూసుకోండి.

రాత్రంతా జోరున వాన కురిసింది. ఇట్ రెయిన్డ్ హార్డ్ ఆల్ నైట్.

పెరుగు గట్టిగా తోడుకుంది. ద కర్డ్ హ్యాజ్ సెట్ థిక్.

ఈ నెల ఆయన ఇంట్లో ఉన్నదే తక్కువ. హీ వాజ్ హార్డ్లీ ఎట్ హోమ్ దిస్ మంత్. ఇక్కడ 'వాజన్ట్' రాస్తే రెండు వ్యతిరేకాలు అవుతాయి.

ఈ పేపర్ నిన్నటి దానికంటే కష్టంగా ఉంది. దిస్ పేపర్ ఈజ్ హార్డర్ దాన్ యెస్టర్‌డేస్. 'మోర్ హార్డ్' అని రాసి ఉంటే దిద్దుకోండి; ఒకే అచ్చున్న చిన్న మాట కాబట్టి హార్డర్, హార్డెస్ట్ అనే వస్తాయి.